వేర్వేరు కంప్యూటర్ల మీద ఆడే చెస్ ప్రోగ్రామ్‌లకు రేటింగ్: ఏ పద్ధతి ఎవరికి?

హనుమకొండలో చెస్ నేర్పే సెంటర్లలో, కాలేజీ హాస్టళ్లలో ఈ లొల్లి ఎప్పుడూ ఉండేదే. ఒకడి ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ ఉంటుంది. ఇంకొకడి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో లీలా అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంటుంది. కోచ్ గారి పాత డెస్క్‌టాప్‌లో ఎప్పుడో సీడీతో ఎక్కించిన ఫ్రిట్జ్ ఉంటుంది. వీటిని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి, నాలుగు గేములు ఆడించి, గెలిచిందే గొప్ప ప్రోగ్రామ్ అని తీర్పు చెప్పేస్తారు. గ్రాండ్‌మాస్టర్ ఇరిగేశి అర్జున్ ఊరు కాబట్టి రేటింగ్ అంకెల మీద మోజు మన దగ్గర కాస్త ఎక్కువే. 2024 డిసెంబర్‌లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చిన జాబితాలో ఆయన పేరు పక్కన 2801 చూశాక అది ఇంకా పెరిగింది. కానీ మనిషి రేటింగ్‌కు లేని తలనొప్పి ఒకటి ప్రోగ్రామ్ రేటింగ్‌కు ఉంది. అర్జున్ ఏ దేశం వెళ్లినా అదే బుర్రతో ఆడతారు. స్టాక్‌ఫిష్ ఇవాళ ఫోన్‌లో ఆడుతుంది, రేపు 64 కోర్ల సర్వర్ మీద ఆడుతుంది. రెండింటికీ కలిపి ఒకే అంకె వేస్తే ఆ అంకె దేనిదని చెప్పాలి?

మెషీన్ వాటా ఎంత, ప్రోగ్రామ్ వాటా ఎంత అన్నదానికి రెండు పాత సంగతులు గుర్తు చేసుకుంటే చాలు. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5 తేడాతో ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల పొజిషన్లు చూసేది. చెస్ కోసమే ప్రత్యేకంగా చేయించిన 480 చిప్‌లు అందులో ఉండేవి. 2009లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన కోపా మెర్కోసూర్ టోర్నీలో పాకెట్ ఫ్రిట్జ్ 4 ఒక మొబైల్ ఫోన్ మీద ఆడి 10కి 9.5 పాయింట్లు కొట్టింది. ఆ ఒక్క టోర్నీ ఫలితాలను బట్టి కట్టే పర్ఫార్మెన్స్ రేటింగ్ 2898. అది సెకనుకు చూసింది 20 వేల పొజిషన్ల లోపే. అంటే డీప్ బ్లూ వేగంలో పదివేలో వంతు. మెషీనే అంతా అనేవాళ్లకు ఆ ఫోన్ జవాబు.

అట్లాగని మెషీన్‌ను పక్కన పెట్టలేం. వేగం రెట్టింపైతే 50 నుంచి 70 పాయింట్లు పెరుగుతాయన్నది కంప్యూటర్ చెస్ వాళ్లు చాలాకాలంగా వాడే మోటు లెక్క. ఇప్పటి టాప్ ఇంజిన్లకు (చెస్ ప్రోగ్రామ్‌లనే ఇంజిన్లంటారు) టైమ్ ఎక్కువ ఇచ్చిన కొద్దీ డ్రాలు పెరిగి ఈ లాభం బాగా తగ్గిపోతుంది. మామూలు ఇంజిన్లకు, తక్కువ టైమ్ ఆటలకు మాత్రం లెక్క ఇంచుమించు పనిచేస్తుంది. నాలుగు రెట్లు వేగమైన మెషీన్ అంటే రెండుసార్లు రెట్టింపు, అంటే 100 నుంచి 140 పాయింట్లు. రేటింగ్ తేడా నుంచి స్కోరు అంచనా వేసే ఎలో సూత్రం ప్రకారం 100 పాయింట్ల తేడాకు 64 శాతం, 140కి 69 శాతం స్కోరు రావాలి. ఒకే ప్రోగ్రామ్‌ను పాత డెస్క్‌టాప్‌లో ఒకటి, కొత్త ల్యాప్‌టాప్‌లో ఒకటి పెట్టి 100 గేములు ఆడిస్తే ల్యాప్‌టాప్ వైపు 64 నుంచి 69 పాయింట్లు వస్తాయి. పేర్లు దాచి చూపిస్తే అవి రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లనే ఎవరైనా అనుకుంటారు.

దీన్ని సరిచేయడానికి వాడుకలో ఉన్న పద్ధతులు ప్రధానంగా నాలుగు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఏ ప్రశ్న అడుగుతున్నామో తేల్చుకోకుండా పద్ధతి ఎంచుకోవడం వల్లే సగం గొడవలు.

మెషీన్‌తో కలిపి రేటింగ్

స్వీడన్‌లోని ఎస్‌ఎస్‌డీఎఫ్ అనే సంఘం 1984 నుంచి నడిపే జాబితాలో ప్రోగ్రామ్ పేరు ఒంటరిగా ఉండదు, పక్కనే మెషీన్ పేరు కూడా ఉంటుంది. ఒకే ప్రోగ్రామ్ రెండు మెషీన్ల మీద ఆడితే రెండు వరుసలు, రెండు రేటింగులు. వాళ్లు మొదలుపెట్టిన రోజుల్లో చెస్ కంప్యూటర్ అంటే బోర్డు, చిప్, ప్రోగ్రామ్ అన్నీ ఒకే పెట్టెలో వచ్చేవి కాబట్టి విడదీసే ఆలోచనే అవసరం లేదు.

ఇందులో దాపరికం లేదు, లెక్కల గారడీ లేదు. కొనేవాళ్లకు సూటిగా పనికొస్తుంది: ఈ పెట్టె ఇంత బలంగా ఆడుతుంది, అంతే. కానీ కొత్త వెర్షన్‌ను కొత్త మెషీన్ మీద మాత్రమే ఆడించి 80 పాయింట్లు పెరిగాయంటే అది ప్రోగ్రామర్ ప్రతిభా, చిప్ కంపెనీ చలవా అన్నది ఆ అంకెలో దొరకదు.

అందరికీ ఒకే మెషీన్

వినడానికి తేలిక. చేయడానికి కూడా చాలావరకు తేలికే, అందుకే ఇంట్లో పరీక్షించేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. 1974లో స్టాక్‌హోమ్‌లో మొదలైన వరల్డ్ కంప్యూటర్ చెస్ చాంపియన్‌షిప్‌లో ఎవరి మెషీన్ వాళ్లు తెచ్చుకునేవాళ్లు. 2015లో టైటిల్ గెలిచిన జానీ ఏకంగా 2400 కోర్ల మీద ఆడింది. 2010 నుంచి అందరికీ సమానమైన మెషీన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ చాంపియన్‌షిప్‌ను కూడా దానితోపాటు పెట్టారు. ఒకటి మొత్తం బండిని కొలిచేది, ఇంకొకటి ప్రోగ్రామ్‌ను కొలిచేది. రెండూ న్యాయమే.

అయితే ఒకే మెషీన్ అన్నంత మాత్రాన సమానం అయిపోదు. రెండు ప్రోగ్రామ్‌లకూ థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే లెక్కల పాయలు), హ్యాష్ మెమరీ (చూసిన పొజిషన్లు దాచుకునే చోటు) సమానంగా ఇవ్వాలి. ఎదుటివాడి టైమ్‌లో ఆలోచించే పాండరింగ్ రెండింటికీ ఆపేయాలి. ఒకే ప్రాసెసర్ మీద రెండూ ఒకేసారి ఆలోచిస్తే ఒకదాని తిండి ఒకటి లాక్కుంటాయి. అన్నిటికన్నా ఎక్కువమంది తప్పేది బిల్డ్ దగ్గర, అంటే ఏ రకం ప్రాసెసర్ కోసం తయారైన ఫైలు అన్న దగ్గర. స్టాక్‌ఫిష్ డౌన్‌లోడ్ పేజీలో పాత ప్రాసెసర్లకు ఒక ఫైలు, ఏవీఎక్స్2 అనే ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నవాటికి ఒకటి, బీఎంఐ2 అనేవి ఉన్నవాటికి ఇంకొకటి ఉంటాయి. ఏదో ఒకటి దించేస్తే ప్రోగ్రామ్ ఆడనైతే ఆడుతుంది, కానీ తన వేగంలో చాలా భాగం పోగొట్టుకుని ఆడుతుంది. జెన్ 3 డిజైన్‌కు ముందు వచ్చిన ఏఎండీ రైజెన్ చిప్‌లలోనైతే బీఎంఐ2 బిల్డ్ వాడే ఒక ఇన్‌స్ట్రక్షన్ నత్తనడక నడుస్తుంది, వాటికి ఏవీఎక్స్2 బిల్డే మేలు.

ఇంకో చిక్కు: ఏ మెషీన్ ఎంచుకున్నామన్నదే ఒక పక్షం వహించడం. 2018 ఏప్రిల్‌లో, ఇంజిన్ల మధ్య జరిగే టీసీఈసీ టోర్నీ 12వ సీజన్‌లో లీలా చెస్ జీరో అట్టడుగు డివిజన్‌లో ఆడింది. ఆటల నుంచి తానే నేర్చుకునే, గ్రాఫిక్స్ కార్డు మీద బాగా నడిచే న్యూరల్ నెట్‌వర్క్ ప్రోగ్రామ్ అయినా దానికి ఆ కార్డు లేదు, మిగతావాటిలాగే మామూలు ప్రాసెసర్ మీదే నడిచింది. 28 గేముల్లో ఒక్క గెలుపు, రెండు డ్రాలు, మిగతావన్నీ ఓటములు. ఆ ఒక్క గెలుపు కూడా ఎదుటి ప్రోగ్రామ్ మూడు ఎత్తులకే క్రాష్ అయితే వచ్చింది. ప్రోగ్రామ్ అప్పటికి పసిదే, ఆ తర్వాత చాలా నేర్చుకుంది. గ్రాఫిక్స్ కార్డులు కూడా దొరికాక 2019 మేలో అదే లీలా 15వ సీజన్ ఫైనల్లో స్టాక్‌ఫిష్‌ను 53.5–46.5తో ఓడించింది. 12వ సీజన్‌లో అందరికీ ఒకే మెషీన్ ఇచ్చారనడం అబద్ధం కాదు. లీలా బలం అందులో కనిపించిందనడం మాత్రం నిజం కాదు.

మెషీన్‌ను బట్టి టైమ్ సర్దడం

నలుగురు స్నేహితులు, నాలుగు రకాల కంప్యూటర్లు. అందరి గేములూ కలిపి ఒకే జాబితా చేయాలి. అప్పుడు టైమ్ సర్దాల్సిందే. ఇంజిన్ల రేటింగ్ జాబితా పెట్టే సీసీఆర్‌ఎల్ వాళ్లు ఇలాగే చేస్తారు: ఇంటెల్ ఐ7-4770కే మీద 40 ఎత్తులకు 15 నిమిషాలు అన్నది ప్రామాణికం. ఎవరి మెషీన్ ఎంత వేగమైతే ఆ మేరకు వాళ్లు టైమ్ తగ్గించుకుంటారు. మీది ఒకటిన్నర రెట్లు వేగమైతే 40 ఎత్తులకు 10 నిమిషాలు.

వేగం కొలవడం కష్టమేమీ కాదు. స్టాక్‌ఫిష్‌ను తెరిచి బెంచ్ (bench) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తెర మీద అంకెలు గబగబా పరిగెత్తి చివర మూడు లైన్లు మిగులుతాయి: పట్టిన టైమ్ మిల్లీసెకన్లలో, వెతికిన నోడ్‌ల (అంటే చూసిన పొజిషన్ల) మొత్తం, సెకనుకు ఎన్ని నోడ్‌లు. అందరూ మూడో లైన్ చూసి మురిసిపోతారు. నేను ముందు రెండోది చూడమంటాను. సెట్టింగులు మార్చకుండా ఒకే వెర్షన్‌ను ఒక థ్రెడ్ మీద నడిపితే ఆ నోడ్‌ల మొత్తం ఏ మెషీన్ మీదైనా అంకె పొల్లుపోకుండా ఒకటే రావాలి. హాస్టల్ రూమ్‌లో ఒకడికి ఒక అంకె, ఇంకొకడికి వేరే అంకె వచ్చాయంటే ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే ప్రోగ్రామ్ కాదు. అక్కడితో ఆపి వెర్షన్లు సరిచూసుకోవాలి.

ఇప్పుడు అసలు పంచాయితీ. ఒక ఇంజిన్‌తో కొలిచిన నిష్పత్తి ఇంకో ఇంజిన్‌కు సరిపోదు. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పొజిషన్‌కు విలువ కడుతోంది. జపాన్ షోగీ ప్రోగ్రామ్‌ల కోసం 2018లో యు నాసు కనిపెట్టిన పద్ధతి అది. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, కానీ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 లాంటి సదుపాయం ఉంటేనే దాని వేగం బయటికొస్తుంది. ఊహించుకుని ఒక లెక్క చూడండి. పాత పద్ధతి ఇంజిన్ మీ డెస్క్‌టాప్‌లో సెకనుకు 10 లక్షల నోడ్‌లు, ల్యాప్‌టాప్‌లో 20 లక్షలు చూస్తుంది, నిష్పత్తి రెండు. ఎన్‌ఎన్‌యూఈ ఇంజిన్ అదే డెస్క్‌టాప్‌లో 3 లక్షలు, ల్యాప్‌టాప్‌లో 9 లక్షలు చూస్తుంది, నిష్పత్తి మూడు. మొదటి నిష్పత్తి పట్టుకుని డెస్క్‌టాప్‌కు రెట్టింపు టైమ్ ఇస్తే పాత ఇంజిన్‌కు న్యాయం జరుగుతుంది, కొత్త ఇంజిన్ అక్కడ మూడో వంతు పని కోల్పోతుంది.

దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒకటే: ఒక గేమును ఎప్పుడూ రెండు మెషీన్ల మధ్య పంచకూడదు. నీ ల్యాప్‌టాప్ మీద నీ ప్రోగ్రామ్, నా డెస్క్‌టాప్ మీద నా ప్రోగ్రామ్ అన్న ఆటలు సరదాకు బాగుంటాయి కానీ జాబితాకు పనికిరావు. రెండు ప్రోగ్రామ్‌లనూ ఒకే మెషీన్‌లో ఎక్కించి, ఒకే ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండుసార్లు అక్కడే ఆడించాలి. అప్పుడు మెషీన్ నెమ్మదైనా వేగమైనా ఇద్దరికీ ఒకటే. టైమ్ సర్దడం అన్నది వేర్వేరు మెషీన్ల గేములు ఇంచుమించు ఒకే లోతులో ఉండేలా చూడటానికే మిగులుతుంది, అక్కడ పదీ పదిహేను శాతం అటూఇటూ అయినా కొంప మునగదు. 2013 నుంచి స్టాక్‌ఫిష్ మార్పులను పరీక్షిస్తున్న ఫిష్‌టెస్ట్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. ప్రపంచవ్యాప్తంగా వలంటీర్ల రకరకాల కంప్యూటర్లు. కొత్త వెర్షన్, పాత వెర్షన్ రెండూ ఒకే వలంటీర్ మెషీన్ మీద తలపడతాయి, టైమ్ ఆ మెషీన్ వేగాన్ని బట్టి సర్దుకుంటుంది.

నోడ్‌లు లెక్కపెట్టి ఆపడం

గడియారం తీసేసి, ఒక్కో ఎత్తుకు ఇన్ని నోడ్‌లు అని హద్దు పెట్టడం నాలుగో దారి. మెషీన్ ఏదైనా ఫలితం మారదు, ఎండకు ల్యాప్‌టాప్ మాడినా మారదు. మీరే రాసుకున్న ఇంజిన్‌లో చిన్న మార్పు చేసి, అది వేగాన్ని ముట్టుకోలేదని తెలిసినప్పుడు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

వేర్వేరు ప్రోగ్రామ్‌ల మధ్య మాత్రం ఇది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తూకం వేయకుండా బస్తాలు లెక్కపెట్టి మిర్చికి ధర కట్టినట్టు ఉంటుంది. గూగుల్ వాళ్ల డీప్‌మైండ్ చేసిన న్యూరల్ నెట్‌వర్క్ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో మీద 2018 డిసెంబర్‌లో అచ్చయిన పేపర్‌లో ఆ ప్రోగ్రామ్ సెకనుకు 60 వేల పొజిషన్లు, స్టాక్‌ఫిష్ 6 కోట్లు చూశాయి. ఒక్కో పొజిషన్ మీద ఆల్ఫాజీరో చేసే పని అంత ఎక్కువ. ఇద్దరికీ సమానంగా నోడ్‌లు ఇస్తే ఆట మొదలవకముందే ఫలితం రాసేసుకోవచ్చు. సమాన డెప్త్ (ఎన్ని ఎత్తుల ముందుదాకా చూడాలి) అనేది ఇంకా దండగ; ఒక ఇంజిన్ డెప్త్ 20కి, ఇంకో ఇంజిన్ డెప్త్ 20కి పోలికే లేదు.

గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసర్‌కూ పోలిక

2017 డిసెంబర్‌లో ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌తో ఆడిన 100 గేముల్లో 28 గెలిచి 72 డ్రా చేసింది, ఒక్కటీ ఓడలేదు. అది నాలుగు టీపీయూల (న్యూరల్ నెట్‌వర్క్‌ల కోసం గూగుల్ చేయించుకున్న చిప్‌ల) మీద, స్టాక్‌ఫిష్ 8 ఏమో 64 థ్రెడ్‌ల మీద ఆడాయి. హ్యాష్ 1 జీబీయే ఇచ్చారని, ఎత్తుకు కచ్చితంగా ఒక నిమిషం పెట్టడంతో స్టాక్‌ఫిష్ తన టైమ్ పంచుకునే తెలివి వాడుకోలేకపోయిందని పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాది పేపర్‌లో 3 గంటలు, ఎత్తుకు 15 సెకన్లు అదనం, 44 కోర్లు ఇచ్చి 1000 గేములు ఆడించారు: 155 గెలుపులు, 6 ఓటములు. కొన్ని అభ్యంతరాలు తీరాయి. నాలుగు టీపీయూలు ఎన్ని కోర్లకు సమానం అన్నది తీరలేదు, తీరదు కూడా. లీలా అభిమానులు ఆల్ఫాజీరో తొలి పేపర్‌లోని వేగాలను కొలమానంగా పెట్టుకుని లీలా రేషియో అని ఒకటి వాడారు; అందులో స్టాక్‌ఫిష్ 875 నోడ్‌లకు లీలా ఒక నోడ్ సమానం. అది పరీక్షలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి బాగానే ఉంటుంది, న్యాయానికి కొలబద్ద మాత్రం కాదు.

నన్నడిగితే ఇక్కడ రెండే పద్ధతులకు అర్థం ఉంది. ఒకటి ధర: ఇదే డబ్బుతో ప్రాసెసర్ మీద ఎక్కువ పెట్టిన పీసీ కొంటే ఏం ఆడుతుంది, గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టినదైతే ఏం ఆడుతుంది. రెండోది కరెంటు: ప్లగ్‌లో పెట్టే వాట్ మీటర్‌తో ఆట నడిచేటప్పుడు ఎంత లాగుతోందో చూసి, రెండూ దగ్గరదగ్గరగా ఉండేలా కోర్ల సంఖ్య సర్దడం. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి జాబితా పెట్టేవాళ్లకు వాట్లే నయం, కొనేవాళ్లకు ధరే ముఖ్యం. ఏదైనా సరే, వచ్చేది ఎస్‌ఎస్‌డీఎఫ్ తరహా రేటింగే, ప్రోగ్రామ్ ఒక్కదానిది కాదు.

ఎండ, కరెంటు, గేముల సంఖ్య

స్వీడన్ వాళ్లు రాసిన సలహాల్లో ఇది ఉండదు. మే నెలలో వరంగల్‌లో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్‌కు పని చెబితే కాసేపటికే చిప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫోన్లయితే మరీ. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి వెళ్లినా చాలా మోడళ్లలో వేగం పడిపోతుంది. రెండు ప్రోగ్రామ్‌లూ ఒకే మెషీన్‌లో ఉంటే ఇద్దరికీ దెబ్బ తగులుతుంది కాబట్టి నష్టం కొంతే. వేర్వేరు మెషీన్ల గేములు కలుపుతుంటే మీరు సర్దిన టైమ్ అంతా వృథా. చిప్ వేగాన్ని అప్పటికప్పుడు పెంచే టర్బో బూస్ట్‌ను బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లో) ఆపేయండి, చార్జర్ పెట్టే ఆడించండి, మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక వెంటనే ఇంకోసారి బెంచ్ కొట్టండి. రెండు వేగాలకూ ఐదు శాతం మించి తేడా వస్తే ఆ విడత పక్కన పెట్టేయడమే మంచిది. రాత్రిపూట నడపడం అన్నిటికన్నా చవకైన పరిష్కారం.

ఇక గేముల సంఖ్య. బలాబలాలు సమానంగా ఉండి, 40 శాతం దాకా డ్రాలు వచ్చే జోడీకి 100 గేములు ఆడిస్తే వచ్చే రేటింగ్ తేడా మీద అటూఇటూ 50 పాయింట్లకు పైగా అనుమానం ఉంటుంది. 1000 గేములకు అది 17కి దిగుతుంది, 10,000 ఆడితే గానీ 5 దగ్గరికి రాదు. పది గేములాడించి ఫలానాది గొప్పదని స్టేటస్ పెట్టేవాళ్లను పట్టించుకోకండి. ఒక్కో ప్రోగ్రామ్‌కు 10 సెకన్లు, ఎత్తుకు 0.1 సెకను అదనం పెడితే ఒక్కో గేము అర నిమిషం చుట్టుపక్కల అయిపోతుంది. నాలుగు కోర్ల మెషీన్‌లో నాలుగు ఒకేసారి నడిపితే 1000 గేములకు రెండు గంటలు దాటి కొంచెం పడుతుంది. థ్రెడ్‌లు ఎనిమిది కనిపిస్తున్నాయని ఎనిమిది గేములు పెట్టకండి. ఆడించడానికి క్యూట్‌చెస్ లేదా ఫాస్ట్‌చెస్, లెక్క కట్టడానికి ఆర్డో, అన్నీ ఉచితమే. అలా ఒక ఇంజిన్‌కు వచ్చిన 3400 లాంటి అంకెను అర్జున్ 2801 పక్కన పెట్టి తీసివేత చేయడం మాత్రం అర్థం లేని పని. ఆ రెండు గుంపులూ ఒకరితో ఒకరు ఆడలేదు.

ఎవరికి ఏది

పిల్లలకు నేర్పే కోచ్‌లు ఈ గొడవలో పడనక్కర్లేదు. చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్టాక్‌ఫిష్ కూడా ఏ గ్రాండ్‌మాస్టర్‌నైనా ఓడిస్తుంది, అండర్-11 పిల్లల గేములు చూడటానికి కొత్త పీసీ ఎందుకు? కొనాలనే నిర్ణయించుకున్నవాళ్లు మెషీన్‌తో కలిపి ఇచ్చిన రేటింగులే చూడాలి. సొంతంగా ఇంజిన్ రాస్తున్న నిట్, కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులకు ఒకే మెషీన్, తక్కువ టైమ్, ఎక్కువ గేములు. ల్యాబ్‌లో రకరకాల కంప్యూటర్లు దొరికితే ఫిష్‌టెస్ట్ తరహాలో జోడీని విడదీయకుండా పంచుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాబ్‌లో లీలాను బలవంతంగా ఆడించి ఆఖరి స్థానంలో పెట్టడం కన్నా జాబితాలోంచి తీసేయడమే మర్యాద.

క్లబ్ తరఫున జాబితా పెట్టేవాళ్లు ఒక్కో వరుసలో వెర్షన్, బిల్డ్, థ్రెడ్‌లు, హ్యాష్, ప్రాసెసర్, సర్దిన టైమ్, గేముల సంఖ్య, అటూఇటూ అనుమానం ఇవన్నీ రాయాలి. టేబుల్‌బేస్‌లు (కొద్ది పావులే మిగిలిన పొజిషన్ల ఫలితాలు ముందే లెక్కకట్టి పెట్టిన ఫైళ్లు) పెడితే అదీ రాయండి: ఐదు పావుల దాకా సిజిజీ అనే రకం ఫైళ్లు 1 జీబీ లోపే, అందరికీ సరిపోతాయి. ఆరు పావులవి 150 జీబీ దాకా ఉంటాయి, వాటిని ఒకరు ఎస్‌ఎస్‌డీలో, ఒకరు పాత హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే మళ్లీ మొదటి లొల్లే. ఐదుతో ఆపేయండి.